పెట్టడం తేలికే, పీకడమే అసలు డెమో: సీఈఎస్ టేబుల్ మీద పెన్‌డ్రైవ్ సాఫ్ట్‌వేర్, ఒక కేస్ స్టడీ

కేసు చూడ్డానికి చాలా చిన్నది. టేబుల్ మీద రెండు ల్యాప్‌టాప్‌లు. మొదటిదాంట్లో పెన్‌డ్రైవ్ పెడితే బ్రౌజర్ తెరుచుకుంటుంది, బుక్‌మార్క్‌లు, మెయిల్, సగం రాసిన లెటరు అన్నీ అందులో ఉంటాయి. తీసి రెండోదాంట్లో పెడితే అదే బ్రౌజరు, అవే బుక్‌మార్క్‌లు, లెటరు ఆపిన చోటే ఉంటుంది. ఏదీ ఇన్‌స్టాల్ చేయలేదు. మూడు నిమిషాల్లో అయిపోవాల్సిన పని. స్టాల్‌లో మాత్రం ఇది గంటకోసారి ఎక్కడో ఒకచోట తడబడుతుంది, ఆ తడబాటు దాదాపు ఎప్పుడూ పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు కాదు, తీసినప్పుడే. డెమో ప్లాను వేసేవాళ్ళు తొంభై శాతం శ్రమ మొదటి సగం మీదే పెడతారు. ఈ రాత రెండో సగం గురించి.

సందర్భం లాస్ వేగస్‌లో ఏటా జనవరిలో జరిగే సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్ వస్తువుల ప్రదర్శన. కాలం 2006, 2007 షోల నాటిది. 2006లో షో జనవరి 5 నుంచి 8 వరకు, 2007లో 8 నుంచి 11 వరకు నడిచింది. అప్పటి కంప్యూటర్లలో ఎక్కువ భాగం విండోస్ ఎక్స్‌పీ. విస్టా మామూలు కొనుగోలుదారులకు అందింది 2007 జనవరి 30న, అంటే ఆ ఏడాది షో ముగిసిన తర్వాత. పెన్‌డ్రైవ్ మీంచి సాఫ్ట్‌వేర్ నడపడానికి అప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి శాన్‌డిస్క్, ఎమ్‌-సిస్టమ్స్ కలిసి పెట్టిన యూ3. రెండోది జాన్ హాలర్ 2004లో పోర్టబుల్ ఫైర్‌ఫాక్స్‌తో మొదలుపెట్టి తర్వాత పోర్టబుల్‌యాప్స్‌గా పెంచినది. చూసేవాళ్ళకు రెండూ ఒకటే. లోపల పనితీరు వేరు, కాబట్టి చెడిపోయే తీరు కూడా వేరు.

యూ3 డ్రైవ్‌లో ఉన్న చిప్ విండోస్‌కు తాను రెండు పరికరాలనని చెబుతుంది. ఒకటి చిన్న సీడీ డ్రైవ్, చదవడానికి మాత్రమే. రెండోది మామూలు తీసేసే డిస్కు. ఈ నాటకం ఎందుకంటే, సీడీలోని ఆటోరన్‌ను, అంటే పెట్టగానే దానంతటదే మొదలవ్వాలని రాసి ఉన్న ప్రోగ్రామును, ఎక్స్‌పీ ఎవర్నీ అడక్కుండా నడుపుతుంది, పెన్‌డ్రైవ్‌లోని ఆటోరన్‌కు మాత్రం ఎంచుకోమంటూ పెట్టె చూపిస్తుంది. సీడీ ముక్కలోంచి లాంచ్‌ప్యాడ్ అనే యూ3 మెనూ పైకొస్తుంది, గడియారం పక్కన చిన్న బొమ్మ కూర్చుంటుంది. ప్రతి యూ3 ప్రోగ్రాముకూ మానిఫెస్ట్ అనే చిన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఉంటుంది. హోస్ట్‌ను, అంటే డ్రైవ్ పెట్టిన కంప్యూటర్‌ను, ఎలా సిద్ధం చేయాలి, ప్రోగ్రాము ఎలా మొదలవ్వాలి, ఎలా ఆగాలి, చివర్న హోస్ట్‌ను ఎలా తుడవాలి అనే మెట్లు అందులో విడివిడిగా రాసి ఉంటాయి. చాలా ప్రోగ్రాములు మొదలయ్యేటప్పుడు తమ ఫైళ్ళను హోస్ట్‌లోని యూజర్ అప్లికేషన్ డేటా ఫోల్డర్ కింద యూ3 అనే ఫోల్డర్లోకి కాపీ చేసుకుని అక్కడి నుంచి నడుస్తాయి. తుడిచే మెట్టు దాకా సజావుగా వస్తేనే ఆ కాపీ పోతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకుంటే కింద వచ్చే గొడవల్లో సగం దానంతటదే అర్థమవుతుంది.

పోర్టబుల్‌యాప్స్‌లో ఈ హంగు లేదు. ఏ పెన్‌డ్రైవైనా సరిపోతుంది. ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో ఫోల్డర్, అందులో యాప్, డేటా అనే రెండు ముఖ్యమైన ఫోల్డర్లు, పైన ఒక చిన్న లాంచర్. అసలు ప్రోగ్రాము యాప్‌లో ఉంటుంది, మనం మార్చుకున్న సెట్టింగులు డేటాలో. లాంచర్ ముందు లేచి, ప్రొఫైల్ (మన బుక్‌మార్క్‌లు, సెట్టింగులు ఉండే ఫోల్డర్) ఎక్కడుందో ప్రోగ్రాముకు చెప్పి, అది మూతపడే వరకు వెనకాల కాపు కాసి, తర్వాత సర్దుతుంది. ఫైర్‌ఫాక్స్ పోర్టబుల్ డిస్కు మీద క్యాష్, అంటే చూసిన పేజీల తాత్కాలిక కాపీలు, రాయకుండా ఆపేస్తుంది. నెమ్మదైన ఫ్లాష్ మీద వందల చిన్న ఫైళ్ళు రాస్తూ కూర్చుంటే డెమో నీరసంగా కనిపిస్తుంది, ఫ్లాష్ ఆయుష్షూ తగ్గుతుంది.

ఇక టేబుల్. ల్యాప్‌టాప్‌లు రెండే ఉండాలి. మూడోది ఉంటే సందర్శకుడి కన్ను చెదురుతుంది. డ్రైవ్‌లు ఆరు: రెండు టేబుల్ మీద, రెండు సొరుగులో సిద్ధంగా, ఒకటి ఎవరూ ముట్టని మాస్టరు, ఒకటి ఎప్పుడో ఒకప్పుడు ఎవరి జేబులోకో వెళ్ళిపోయేది. చివరిది హాస్యానికి అన్నది కాదు. టేబుల్ మీది రెండింటికీ మెడతాడు కట్టి, దాని రెండో కొస టేబుల్‌కు బిగించాలి.

డ్రైవ్‌ను నేరుగా ల్యాప్‌టాప్ పోర్టులో పెట్టకండి. యూఎస్‌బీ 2.0 ప్రమాణం మామూలు టైప్-ఏ కనెక్టరుకు 1500 సార్లు పెట్టి తీసే ఆయుష్షు అడుగుతుంది. నాలుగు రోజులు, రోజుకు 8 గంటలు, గంటకు 12 డెమోలు లెక్క వేస్తే ఒక్కో పోర్టులో 384 సార్లు పెట్టి తీసినట్టు. అంటే ఒక్క షోలోనే నాలుగోవంతు ఆయుష్షు ఖర్చు, అదీ సందర్శకులు అడ్డంగా తోసే తోపులను లెక్కలోకి తీసుకోకుండానే. ఒక అడుగు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఉంటే అరిగేది కేబుల్. డ్రైవ్ కూడా ల్యాప్‌టాప్ వెనక దాక్కోకుండా అందరి కళ్ళ ముందు ఉంటుంది. అంతకంటే పొడుగు కేబుల్ వద్దు, ఎక్స్‌టెన్షన్ అనేదే ప్రమాణంలో లేని వస్తువు.

హబ్ వాడితే సొంత అడాప్టరున్నదే వాడాలి. కంప్యూటర్ నుంచే కరెంటు తీసుకునే హబ్‌కు దొరికేది మొత్తం 500 మిల్లీయాంప్‌లు. హబ్ తనకోసం 100 ఉంచుకుని నాలుగు పోర్టులకూ 100 చొప్పున పంచుతుంది. అంతకన్నా ఎక్కువ కావాలని అడిగే డ్రైవ్ పెడితే హబ్ పవర్ మించిపోయిందంటూ పసుపు బుడగ లేస్తుంది. అది జనం ముందు లేస్తుంది. ఇంకో చిన్న ఉచ్చు పాత యూఎస్‌బీ 1.1 హబ్. దాని గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు, చేతికి వచ్చేది సుమారు 1 ఎంబీ. ఇరవై ఎంబీల ప్రోగ్రాము చదవడానికే 20 సెకన్లు. అంతసేపు ఖాళీ తెర చూస్తూ సందర్శకుడు నిలబడడు.

వేగస్ ఎడారి. జనవరిలో గాలి పొడిగా ఉంటుంది, హాలంతా కార్పెట్. నడిచొచ్చిన మనిషి చేతిలో స్థిర విద్యుత్తు ఉంటుంది, వేలు డ్రైవ్ లోహపు కొసకు తగలగానే చిటుక్కుమంటుంది. కనెక్టర్లో కరెంటు, గ్రౌండ్ పిన్నులు డేటా పిన్నుల కంటే కొంచెం పొడుగ్గా ఉండి ముందు తగిలేలా చేశారు కాబట్టి చాలాసార్లు ఏమీ కాదు. అయినా అప్పుడప్పుడు డ్రైవ్ తెలియకుండానే ఊడి మళ్ళీ తగులుకున్నట్టు ప్రవర్తిస్తుంది, నడుస్తున్న ప్రోగ్రాము కాళ్ళ కింద నేల జారిపోతుంది. ప్లాస్టిక్ తొడుగున్న డ్రైవ్‌లు ఎంచుకోండి, టేబుల్ ముందు గ్రౌండ్ అయిన లోహపు అంచు ఒకటి ఉండేలా చూడండి.

హాలు కరెంటు పాయింట్లు షో అధికారిక కాంట్రాక్టరు దగ్గర ముందే ఆర్డరు పెట్టుకోవాలి. తీగ కార్పెట్ కింద నుంచి వస్తుంది కాబట్టి కార్పెట్ పరిచాక చోటు మార్చడం కుదరదు. హైదరాబాద్ నుంచి సామాను తీసుకెళ్ళేవాళ్ళు అడాప్టర్ల మీద 100–240 అని ఉందో లేదో చూసుకోవాలి, అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు ఆ గోడలో పట్టదు. వైర్‌లెస్ నెట్ మీద ఆధారపడొద్దు, పక్క స్టాళ్ళన్నీ అదే 2.4 గిగాహెర్ట్జ్ గాలిలో అరుస్తుంటాయి. డెమోకు కావలసిన పేజీలు ముందే సేవ్ చేసి డ్రైవ్‌లోనే ఉంచితే గొడవే ఉండదు.

డ్రైవ్ తయారీలో మొదటి పని ఫార్మాట్. ఆనాటి 1 జీబీ డ్రైవ్‌ను విండోస్ ఫార్మాట్ చేస్తే మామూలుగా పాత ఫ్యాట్ 16 వస్తుంది. ఆ సైజులో దాని క్లస్టర్, అంటే ఒక ఫైలుకు ఇచ్చే కనీస చోటు, 16 కేబీ. అంటే 1 కేబీ ఫైలు కూడా 16 కేబీ చోటు తింటుంది. చిన్న ఫైళ్ళు రెండు వేలుంటే 32 ఎంబీ పోయినట్టే. ఫ్యాట్ 32 ఎంచుకుంటే క్లస్టర్ 4 కేబీ, ఖర్చు 8 ఎంబీలకు దిగుతుంది. పైగా ఫ్యాట్ 16లో డ్రైవ్ తెరవగానే కనిపించే పైస్థాయి ఫోల్డర్లో 512 పేర్ల కంటే ఎక్కువ పట్టవు, పొడుగు పేర్లు ఒక్కొక్కటి రెండు మూడు చోట్లు ఆక్రమిస్తాయి. యూ3 డ్రైవ్‌లో ఫార్మాట్ చేసేది డేటా ముక్క ఒక్కటే. సీడీ ముక్కను మామూలు ఫార్మాట్ తాకలేదు, దానికి తయారీదారు ఇచ్చిన ఇన్‌స్టాలరే దిక్కు.

రెండో పని ప్రొఫైల్. కొత్తగా, నకిలీ పేరుతో చేయండి. ఇంజినీరు రోజూ వాడే ప్రొఫైల్‌నే కాపీ కొట్టి తెచ్చే అలవాటు ఈ రంగంలో ఉంది. కుకీలు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, మెయిల్ అకౌంట్ పేర్లు అన్నీ దాంతో పాటే వస్తాయి.

మూడో పని మెషీన్లను కావాలనే తేడాగా ఉంచడం. మొదటి ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ ఇ అక్షరంతో వస్తుందనుకోండి. రెండోదానికి నాలుగు స్లాట్ల కార్డ్ రీడర్ తగిలిస్తే ఇ నుంచి హెచ్ వరకు అది మింగేస్తుంది, మన డ్రైవ్ ఐ దగ్గర తేలుతుంది. పోర్టబుల్ అన్న మాటకు అసలు పరీక్ష ఇదే. ఏ ప్రోగ్రామైనా తన సెట్టింగుల్లో ఇ డ్రైవ్ అని పూర్తి దారి రాసుకుని ఉంటే ఇక్కడ దొరికిపోతుంది. మెయిల్ ప్రోగ్రాముల్లో ఫోల్డర్ దారులు, ఆఫీస్ ప్రోగ్రాముల్లో ఇటీవల తెరిచిన ఫైళ్ళ జాబితా, బ్రౌజర్లో డౌన్‌లోడ్ ఫోల్డర్, ఈ మూడింట్లో చూడండి. మంచి లాంచర్ మొదలయ్యేటప్పుడు పాత అక్షరాన్ని కొత్తదానితో మార్చి రాస్తుంది. అలా మార్చని ప్రోగ్రామును డెమోలోంచి తీసేయడం తప్ప మార్గం లేదు.

రెండో మెషీన్లో మామూలు ఫైర్‌ఫాక్స్ కూడా ఇన్‌స్టాల్ చేసి ఉంచండి, కానీ తెరవకండి. స్థానిక ఫైర్‌ఫాక్స్ తెరిచి ఉంటే పోర్టబుల్‌ది లేవడానికి ఒప్పుకోదు, ముందు అది మూయమంటుంది. ఈ తేడా సందర్శకుడికి చెప్పదగ్గదే. అతని ఆఫీసులోనూ రేపు అదే జరుగుతుంది.

పెట్టేటప్పుడు వచ్చే చిక్కుల్లో చెప్పుకోదగ్గది ఒక్కటే: డ్రైవ్ కనిపించకపోవడం. లైటు వెలుగుతుంది, గడియారం పక్కన ట్రేలో బొమ్మ వస్తుంది, మై కంప్యూటర్లో మాత్రం ఏమీ ఉండదు. ఎక్స్‌పీ కొత్త డ్రైవ్‌కు చివరి స్థానిక డ్రైవ్ తర్వాతి అక్షరం ఇస్తుంది. ఆ అక్షరం అప్పటికే ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవ్‌కు కట్టేసి ఉన్నా పట్టించుకోదు. రెండూ ఒకే అక్షరం మీద కూర్చుంటాయి, కనిపించేది నెట్‌వర్క్‌ది. యూ3కి రెండు అక్షరాలు కావాలి కనుక ఈ ప్రమాదం రెట్టింపు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి వేరే అక్షరం ఇస్తే సరిపోతుంది, దానికి అడ్మిన్ హక్కు ఉండాలి. కొత్త మెషీన్లో మొదటిసారి పెట్టినప్పుడు కొత్త హార్డ్‌వేర్ దొరికిందంటూ బుడగలు వరసగా లేస్తాయి. యూ3 అయితే ఒకటికి నాలుగు. షో తెరవక ముందే ఆరు డ్రైవ్‌లనూ రెండు మెషీన్లలో ఒక్కోసారి పెట్టి తీస్తే ఆ తంతు ముగిసిపోతుంది. అదే మెషీన్లో వేరే పోర్టుకు మారిస్తే సీరియల్ నంబరు లేని చవక డ్రైవ్‌లకు ఈ బుడగలు మళ్ళీ మొదలవుతాయి. కాబట్టి ఏ పోర్టో టేపు వేసి గుర్తు పెట్టండి.

ఇప్పుడు తీయడం. యూ3 అయితే లాంచ్‌ప్యాడ్‌లోని ఎజెక్ట్, పోర్టబుల్‌యాప్స్ అయితే ముందు ప్రోగ్రాములు మూసి, ట్రేలోని సేఫ్లీ రిమూవ్. నొక్కాక విండోస్ చెప్పే మాటల్లో అందర్నీ చిరాకు పెట్టేది "ఇప్పుడు ఆపలేం, తర్వాత ప్రయత్నించండి" అనే అర్థం వచ్చేది. ఎవరో ఆ డ్రైవ్‌ను పట్టుకుని ఉన్నారన్నమాట. ఎవరు? కారణాలు ఎదురయ్యే వరసలో చెబితే ఇవీ.

మొదటిది, కిటికీ మూసినా ప్రాసెస్ చావకపోవడం. ఫైర్‌ఫాక్స్ తెర మీంచి మాయమైన తర్వాత కూడా కొన్ని సెకన్లు లోపల రాస్తూనే ఉంటుంది. దాని తర్వాత లాంచర్ సర్దాలి. టాస్క్ మేనేజర్‌లో రెండు పేర్లూ పోయాకే ఎజెక్ట్ నొక్కాలి. డెమో ఇచ్చేవాడు ఈ ఐదారు సెకన్లను మాటలతో నింపాలి. స్క్రిప్టులో ఇక్కడొక వాక్యం రాసి పెట్టుకోవడం మంచిది, లేకపోతే నిశ్శబ్దం భరించలేక చెయ్యి డ్రైవ్ మీదికి పోతుంది.

రెండోది ఎవరికీ తోచనిది. హోస్ట్‌లోని వర్డ్ నుంచో పెయింట్ నుంచో ఓపెన్ పెట్టెలో పెన్‌డ్రైవ్‌లోని ఫైలు తెరిచారనుకోండి. ఆ ఫైలు మూసేసినా, ఆ ప్రోగ్రాము తన ప్రస్తుత ఫోల్డర్‌గా పెన్‌డ్రైవ్‌నే పెట్టుకుని కూర్చుంటుంది. ఫోల్డర్‌ను పట్టుకున్నా పట్టుకున్నట్టే లెక్క. ఎజెక్ట్ కుదరదు. ఆ ప్రోగ్రాములో మళ్ళీ ఓపెన్ పెట్టె తెరిచి, సీ డ్రైవ్‌లోని ఏదో ఒక ఫైలు తెరిస్తే పట్టు వదులుతుంది. లేదంటే ప్రోగ్రామే మూసేయాలి.

మూడోది యాంటీవైరస్. డ్రైవ్ పెట్టగానే మొత్తం గాలించడం మొదలుపెట్టిందంటే పూర్తయ్యే వరకు వదలదు. టేబుల్ మెషీన్లలో పెట్టగానే స్కాన్ చేసే ఎంపిక ఒక్కటీ తీసేయండి, యాంటీవైరస్‌ను మాత్రం ఆపకండి. ఎవరు పట్టుకున్నారో అంతు చిక్కకపోతే, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో హ్యాండిల్ (ఏ ప్రోగ్రాము ఏ ఫైలును పట్టుకుందో చెప్పేది) వెతికే పెట్టె తెరిచి, డ్రైవ్ అక్షరం, కోలన్, వెనక్కి వాలిన గీత కొట్టండి. పేరు బయటపడుతుంది.

ఇక పీకేస్తే? సందర్శకులు పీకేస్తారు. ఇంట్లో అలాగే చేస్తారు కాబట్టి ఇక్కడా అలాగే చేస్తారు. ఎక్స్‌పీ ఇలాంటి డ్రైవ్‌లకు మామూలుగా త్వరగా తీసేసే విధానమే వాడుతుంది, అంటే రాతలను తన దగ్గర ఎక్కువసేపు దాచుకోదు. లైటు ఆగి ఉంటే ఫైల్ సిస్టమ్ చెక్కుచెదరకుండా ఉండే అవకాశమే ఎక్కువ. అయితే ప్రోగ్రాము సంగతి వేరు. ఆనాటి ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్క్‌లను ఒకే హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలుగా మొత్తం తిరిగి రాసేది. సరిగ్గా ఆ క్షణంలో పీకితే సగం ఫైలే మిగులుతుంది. ప్రొఫైల్‌లో బుక్‌మార్క్ బ్యాకప్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులోని నిన్నటి కాపీని తెచ్చి పెట్టుకోవచ్చు. టేబుల్ దగ్గర అంత టైము ఉండదు, సొరుగులోని డ్రైవ్ తీసి కానివ్వడమే. యూ3లో పీకితే తుడిచే మెట్టు డ్రైవ్ లేకుండా నడవాల్సి వస్తుంది. అది సగంలో ఆగితే అప్లికేషన్ డేటాలో యూ3 ఫోల్డర్ మిగిలిపోతుంది. హోస్ట్‌లో కాపీ చేసుకున్న ప్రోగ్రాము ఫైళ్ళు అక్కడే ఉంటాయి.

అందుకే డెమో స్క్రిప్టులో పీకడాన్ని దాచకుండా, సందర్శకుడి చేతనే ఒకసారి పీకించాలి. క్రమం ఇలా పెట్టుకోండి. మొదటి మెషీన్లో సరైన ఎజెక్ట్ చూపించండి. రెండో మెషీన్లో బ్రౌజర్ తెరిచి, ఏమీ రాయకుండా లైటు ఆగే వరకు ఉంచి, ఇప్పుడు లాగేయండి అనండి. తర్వాత మొదటి మెషీన్లో మళ్ళీ పెట్టి ప్రొఫైల్ బతికే ఉందని చూపించండి. ఇది పది సార్లు ముందే సాధన చేయకుండా జనం ముందు చేయొద్దు. సాధనలో ఒక్కసారి చెడినా ఆ ప్రోగ్రాము ఈ భాగానికి పనికిరాదు.

తీశాక వచ్చే ప్రశ్న ఒకటే: "నా ఆనవాళ్ళు ఏమీ మిగలవా?" బ్యానర్ మీద మిగలవని రాసి ఉంటే అది అబద్ధం. విండోస్ తన లెక్కలు తాను రాసుకుంటుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో యూఎస్‌బీస్టోర్ అనే చోట డ్రైవ్ తయారీదారు పేరు, మోడలు, సీరియల్ నంబరు మిగులుతాయి. ఎక్స్‌పీలో విండోస్ ఫోల్డర్లోని సెటప్ ఏపీఐ లాగ్‌లో మొదటిసారి పెట్టిన తేదీ, సమయం ఉంటాయి. ప్రీఫెచ్ ఫోల్డర్లో నడిచిన ప్రోగ్రాము పేరుతో ఒక ఫైలు పుడుతుంది. యూజర్ అసిస్ట్ అనే రిజిస్ట్రీ జాబితాలో ఏ ప్రోగ్రాము ఎన్నిసార్లు నడిచిందో ఉంటుంది, అక్షరాలను పదమూడేసి స్థానాలు జరిపి రాసి ఉంటుంది, దాన్ని రహస్యం అనుకుంటే మన అమాయకత్వం. విండోస్ మెమరీ చాలనప్పుడు డిస్కు మీద వాడుకునే పేజ్ ఫైల్లో మెమరీ ముక్కలు మిగలొచ్చు. కాబట్టి బ్యానర్ మీద నిలబడే మాట "మీ పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు, మెయిల్ ఈ కంప్యూటర్లో ఉండిపోవు" అన్నది. మీరు ఇక్కడికి రాలేదన్న మాట నిలబడదు. సెక్యూరిటీ తెలిసిన సందర్శకుడు రోజుకు ఇద్దరైనా వస్తారు. రెండో మెషీన్లో ప్రీఫెచ్ ఫోల్డర్ తెరిచి వాళ్ళకు మనమే చూపిస్తే తర్వాతి మాటలు నమ్ముతారు.

తెలుగు వాడేవాళ్ళకు ఒక చిక్కు వేరే ఉంది, అది ఈ టేబుల్ దగ్గర బాగా బయటపడుతుంది. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చినా, అమెరికాలో అమ్మిన ఇంగ్లిష్ ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపుల మద్దతు మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోని బ్రౌజర్ అక్షరాలు పేర్చే పనిని విండోస్‌కే వదిలేస్తుంది, దాంతో వత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడతాయి, లేదా మొత్తం డబ్బాలే వస్తాయి. డ్రైవ్‌లో పోతన ఫాంటు ఫైలు పెట్టుకున్నంత మాత్రాన కుదరదు. రీజినల్ సెట్టింగుల్లో టిక్కు పెట్టాలి, ఎక్స్‌పీ సీడీ కావాలి, అడ్మిన్ హక్కు కావాలి, రీస్టార్ట్ కావాలి. అంటే ఏ కంప్యూటర్లో పెట్టినా నడుస్తుందన్న హామీ తెలుగు దగ్గరికొచ్చేసరికి హోస్ట్ మీద ఆధారపడిపోయింది. బయటి ఊళ్ళో తప్పక చూపించాల్సిన తెలుగు పత్రం ఉంటే, ఫాంటు లోపలే పొదిగిన పీడీఎఫ్ చేసి, పోర్టబుల్ పీడీఎఫ్ రీడర్‌తో తెరవడం అప్పట్లో ఖాయంగా పనిచేసిన దారి.

పంచిపెట్టే డ్రైవ్‌లుంటే లెక్క వేసుకోవాలి. సెకనుకు 5 ఎంబీ రాసే డ్రైవ్‌కు 300 ఎంబీ ఎక్కించడానికి ఒక నిమిషం. ఏడు పోర్టుల హబ్ మీద ఏడూ కలిసి 35 అడుగుతాయి, యూఎస్‌బీ 2.0 నుంచి నిజంగా వచ్చేది 30 చుట్టూ, కాబట్టి విడతకు 70 సెకన్లు. పెట్టడం, తీయడం, చీటీ అంటించడం కలిపితే రెండు నిమిషాలు. 200 డ్రైవ్‌లకు 29 విడతలు, అంటే గంట. ఇది 300 ఎంబీల డిస్కు ప్రతిరూపాన్ని (ఇమేజ్‌ను) గుత్తగా రాసినప్పటి మాట. ఫైళ్ళుగా లాగి పడేస్తే వేలకొద్దీ చిన్న ఫైళ్ళ వల్ల అదే పని ఎన్నో రెట్లు సాగుతుంది, రాత్రంతా హోటల్ గదిలో కూర్చోవాలి.

ప్రతిరూపంలో మూడు ఉచ్చులున్నాయి. 1 జీబీ అని రాసిన రెండు డ్రైవ్‌ల అసలు సైజు ఒకటి కాదు, కాబట్టి మాస్టర్లో పార్టిషన్‌ను డ్రైవ్ సైజు కంటే తక్కువగా, పై లెక్కలోని 300 ఎంబీలకే చేసి అంత వరకే తీయాలి. ప్రతిరూపం డిలీట్ చేసిన ఫైళ్ళను కూడా మోసుకొస్తుంది. మాస్టరు పాతదైతే అందులో ఎవరి జీతాల పట్టికో ఉండి ఉండొచ్చు, రికవరీ ప్రోగ్రాముతో 200 మందీ దాన్ని చదవగలరు. ముందు మొత్తం సున్నాలతో నింపి, తర్వాతే ఫార్మాట్ చేయాలి. మూడోది, అన్నింటికీ ఒకే వాల్యూమ్ సీరియల్ (ఫార్మాట్ చేసినప్పుడు డ్రైవ్‌కు వచ్చే నంబరు) వస్తుంది. దాని మీద లైసెన్స్ కట్టే ప్రోగ్రాము ఉంటే అన్నీ ఒకే డ్రైవ్ అనుకుంటుంది.

లైసెన్సుల విషయం మార్కెటింగ్ వాళ్ళు చివరి రోజు అడుగుతారు, మొదటి రోజే చూడాలి. జీపీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉన్న ప్రోగ్రామును డ్రైవ్‌లో పెట్టి చేతికిస్తే అది పంపిణీయే. సోర్సు కోడు కూడా ఇవ్వాలి, లేదా ఇస్తామని రాతపూర్వకంగా చెప్పాలి. డ్రైవ్‌లో చోటుంటే సోర్సు జిప్ అందులోనే పడేయడం అన్నిటికన్నా సులువు. ఫైర్‌ఫాక్స్ కోడు ఉచితం, పేరూ బొమ్మా మొజిల్లా ట్రేడ్‌మార్కులు. మార్చిన కూర్పును అదే పేరుతో పంచాలంటే అనుమతి కావాలి.

ఈ కేసులోని యూ3 ఇప్పుడు లేదు. 2006 చివర్లో ఎమ్‌-సిస్టమ్స్‌ను శాన్‌డిస్క్ కొనేసింది, 2009 నుంచి యూ3ని మెల్లగా ఆపేసింది. అడక్కుండా నడిచే సీడీ ముక్క దానికి బలమూ అదే, మరకా అదే. 2006లోనే ఆ ముక్కలో వేరే ప్రోగ్రాము ఎక్కించి, పెట్టగానే హోస్ట్ నుంచి పాస్‌వర్డ్‌లు లాగే కూర్పులు బయటికొచ్చాయి. 2008 చివర్లో మొదలైన కాన్‌ఫికర్ వార్మ్ పెన్‌డ్రైవ్‌ల ఆటోరన్ మీద కూడా ఎక్కి తిరిగింది. విండోస్ 7లో మామూలు పెన్‌డ్రైవ్‌ల ఆటోరన్ మూతపడింది. 2011 ఫిబ్రవరిలో అదే మార్పును ఎక్స్‌పీకీ విస్టాకీ అప్‌డేట్ ద్వారా పంపారు. సీడీగా నటించే డ్రైవ్‌లను ఆ అప్‌డేట్ తాకలేదు.

పోర్టబుల్‌యాప్స్ పద్ధతి బతికింది, దానికి ఆటోరన్ అక్కర్లేదు. ఇవాళ ఇదే టేబుల్ వేస్తే మారేవి కొన్నే. ఎక్స్‌పీ బదులు విండోస్ 11, టైప్-ఏ పోర్టుతో పాటు టైప్-సీ, ఫ్యాట్ 32 బదులు ఎన్‌టీఎఫ్‌ఎస్. 4 జీబీ దాటిన ఫైలు ఫ్యాట్ 32లో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో పడుతుంది గానీ దానికి జర్నల్ (మధ్యలో ఆగిన రాతలను సర్దుకోవడానికి ఉంచుకునే చిట్టా) లేదు, పీకేసే జనం మధ్య ఎన్‌టీఎఫ్‌ఎస్సే నయం. ఎజెక్ట్ నొక్కకుండా తీసినా పర్వాలేని విధానం 1809 కూర్పు నుంచి విండోస్ 10లో డిఫాల్ట్ అయింది. అది ఫైల్ సిస్టమ్‌కే వర్తిస్తుంది, పైన చెప్పిన ప్రోగ్రాము బాధ అలాగే ఉంది. ఇప్పటి ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్క్‌లు డేటాబేస్‌లో ఉంటాయి, సగం ఫైలు మిగిలే ముప్పు తగ్గింది. పోర్టబుల్‌యాప్స్ లాంచరు కూడా క్రితంసారి సరిగా మూయలేదని పసిగట్టి, ముందు సర్దుకుని, మళ్ళీ మొదలుపెట్టమంటుంది. జనం ముందు ఆ పెట్టె లేస్తే కంగారు పడకుండా ఓకే నొక్కి రెండోసారి తెరవడమే.

సందర్శకుడి ల్యాప్‌టాప్‌లో మన డ్రైవ్ పెట్టడం మాత్రం ఇప్పుడు పూర్తిగా మానేయాలి. చాలా కంపెనీల్లో తీసేసే డిస్కు మీంచి ప్రోగ్రాములు నడవకుండా పాలసీ ఉంటుంది, డెమో అక్కడే ఆగుతుంది. నడిచినా, రేపు అతని మెషీన్లో ఏ వైరస్ దొరికినా మన స్టాలే గుర్తొస్తుంది. అతని మెషీన్లో తిరిగొచ్చిన డ్రైవ్‌ను మన మెషీన్లో పెట్టడం ఇంకా చెడ్డ పని.

రోజూ సాయంత్రం హాలు మూసే ముందు టేబుల్ మీది డ్రైవ్‌లన్నిటికీ చెక్ డిస్క్ నడపాలి, ఒక్కోదానికి నిమిషం కూడా పట్టదు. ఫౌండ్ డాట్ 000 అనే ఫోల్డర్ పుట్టిందంటే పగలు ఎవరో రాస్తుండగా పీకారన్నమాట. ఆ డ్రైవ్‌ను బాగు చేస్తూ కూర్చోకుండా మాస్టర్ నుంచి మళ్ళీ రాసి, రెండు మెషీన్లలోనూ ఒకసారి పెట్టి తీసి, సొరుగులో వేయాలి.